అమ్మాయిల బృందగానం: శ్రుతి ఎంపిక నుంచి పాత క్యాసెట్ల దాకా – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో అమ్మాయిల బృందగానం గురించి నల్గొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే మాట అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా హాస్టల్ అమ్మాయిలం ఇరవై మందిమి కలిసి పాడుతున్నం. "ఇది చర్చి క్వైరు పద్ధతి, మనది కాదు" అని కొందరంటున్నరు. యూనివర్సిటీల్ల ఆడవాళ్ల బృందగానం అసలెప్పుడు మొదలైంది? అందుల మనకు చరిత్ర ఏమన్న ఉన్నదా? – పీజీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: చర్చి నుంచి వచ్చిందనడం సగమే నిజం. యూరప్‌లో చాలా శతాబ్దాలు పెద్ద చర్చిల గాయక బృందాల్లోకి ఆడవాళ్లను రానివ్వలేదు. పై గొంతు వరుసను గొంతు మారని మగపిల్లలతో పాడించేవారు. ఆడవాళ్లు కలిసి పాడింది కన్యామఠాల్లో, అనాథాశ్రమాల్లో. వెనిస్ నగరంలోని పియెతా ఆశ్రమం అందులో పేరుమోసింది. సంగీతకర్త వివాల్డి 1703లో అక్కడ వయొలిన్ పంతులుగా చేరాడు. అక్కడి ఆడపిల్లలు జాలీ వెనక నిలబడి పాడేవారు, వినడానికి దేశాల నుంచి జనం వచ్చేవారు. జర్మనీలోని హాంబర్గ్‌లో 1859లో సంగీతకర్త బ్రాహ్మ్స్ ఒక మహిళా బృందాన్ని నడిపాడు. అది ఇళ్లలోని ఆడవాళ్ల బృందం, కాలేజీది కాదు.

విశ్వవిద్యాలయం సంగతికొస్తే తేదీలే కథ చెబుతాయి. అమెరికాలో హార్వర్డ్ మగ విద్యార్థుల గ్లీ క్లబ్, అంటే బృందగాన సంఘం, 1858లో మొదలైంది. దాని పక్కనే ఆడపిల్లల కోసం నడిచిన రాడ్‌క్లిఫ్ కాలేజీలో బృందగాన సంఘం ఏర్పడింది 1899లో. మిషిగన్ విశ్వవిద్యాలయంలో మగవాళ్లది 1859, ఆడవాళ్లది 1893. ముప్పై, నలభై ఏళ్ల తేడా. మగ విద్యార్థుల సంఘాల్లో చోటు లేదు గనక ఆడపిల్లలు తమ సంఘం తాము కట్టుకున్నారు. ఆ తర్వాత ఆడా మగా కలిసి చదివే రోజులు వచ్చాక మిశ్రమ బృందాలు పుట్టాయి. హార్వర్డ్‌లో అలాంటిది 1971లో వచ్చింది. చాలాచోట్ల మహిళా బృందం అందులో కలిసిపోయింది, కొన్నిచోట్ల విడిగానే నిలిచింది.

'మనది కాదు' అనేవాళ్లకు చెప్పడానికి ఇంకో సంగతి. లండన్‌లో 1905 నుంచి ఒక ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పిన గుస్తావ్ హోల్స్ట్ సంస్కృతం నేర్చుకుని, ఋగ్వేద సూక్తాలను తానే ఇంగ్లీషులోకి మార్చి, బృందగానాలుగా కట్టాడు. వాటిలో మూడో విడత, 1910లో రాసింది, కేవలం ఆడగొంతులకూ హార్ప్ వాద్యానికీ. ఏది మనది, ఏది పరాయిది అన్న గీత పాటలో అంత తిన్నగా ఉండదు.

మన దేశంలో కలకత్తా యూత్ క్వయర్ 1958లో గాయని రుమా గుహ ఠాకుర్తా చేతి మీదుగా మొదలైంది. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్‌ను కట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ చిత్తూరులో పుట్టినవాడు. ఈ రెండూ మిశ్రమ బృందాలు. ఇక మన వైపు ఆడవాళ్లు కలిసి పాడటం ఎవరో నేర్పితే వచ్చింది కాదు. బతుకమ్మ చుట్టూ, నాటు వేసే మడిలో, కోలాటంలో ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. బయటి నుంచి వచ్చినవి రెండే: గొంతులను ఎత్తును బట్టి వరుసలుగా విడదీయడం, ఒకేసారి రెండు మూడు వేర్వేరు వరుసలు పాడించడం. ఆ రెండు పనిముట్లను తీసుకోండి, పాట మీదే.

ప్రశ్న: మా దగ్గర 24 మంది అమ్మాయిలున్నారు. హార్మోనియం వాయించే ఆయన అందరికీ ఒకటే శ్రుతి పెడతాడు. పై చరణం రాగానే సగం మంది ఆగిపోతారు, కొందరు అరుస్తారు. యూట్యూబ్‌లో ట్రాక్ పెట్టి పాడించినా అంతే. తప్పు ఎక్కడ? – డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ముందు ట్రాక్ సంగతి. మగవాళ్లు పాడిన పాట ఎక్కువగా 1 నుంచి 2 శ్రుతిలో, అంటే హార్మోనియం మీద సఫేద్ ఏక్ (మొదటి తెల్ల మెట్టు), కాలీ ఏక్ (మొదటి నల్ల మెట్టు), సఫేద్ దో దగ్గర ఉంటుంది. ఆ షడ్జాన్ని, అంటే 'స'ను, మీ అమ్మాయిలు మగవాళ్ల స్థాయిలోనే అందుకోబోతే అది పాతాళంలో ఉంటుంది, నోట్లోంచి గాలి తప్ప పాట రాదు. ఒక స్థాయి పైకి ఎత్తుకుంటే పల్లవి హాయిగా ఉంటుంది గానీ చరణంలో తార షడ్జం (పై స) దాటేసరికి గొంతు చీరుకుపోతుంది. ఆడగొంతు ఈ రెంటి మధ్యన ఉంది. ఇది అమ్మాయిల చేతకానితనం కాదు, లెక్క తప్పు. ట్రాక్ 5 శ్రుతి దగ్గర ఉండాలి. శ్రుతి మార్చే సదుపాయం ఫోన్ ఆప్‌లలోనే ఉంది. కానీ మూడు నాలుగు మెట్లకు మించి మారిస్తే వాద్యాల ధ్వని పాడవుతుంది. 2 శ్రుతి నుంచి 5కే ఐదు మెట్లవుతుంది గనక, అట్లాంటి పాటకు ట్రాక్ వదిలేసి తంబూర, హార్మోనియం, ఢోలక్ పెట్టుకోవడమే మేలు.

బృందానికి శ్రుతి వెతకాల్సింది 5 నుంచి 6½ మధ్య. 5 అంటే సఫేద్ పాంచ్, 5½ అంటే కాలీ చార్, 6 అంటే సఫేద్ ఛే, 6½ అంటే కాలీ పాంచ్. మీ హార్మోనియం ఆయనకు ఇట్లా చెబితే వాదన ఉండదు. ఏది పెట్టాలన్నది పాట నడకను బట్టి:

పాట మంద్ర పంచమం (కింది ప) దాకా దిగుతూ, పైన తార షడ్జం దగ్గరే ఆగితే 6, 6½. తార గాంధారం (పై గ) దాకా వెళ్తే 5½. తార పంచమం (పై ప) తాకితే 5, అవసరమైతే 4½. అందుకే కచేరీలో ఏడు పాటలకూ ఒకే శ్రుతి పెట్టడం బద్ధకం కిందే లెక్క. శ్రుతి మార్చినప్పుడు తంబూరను పది, పదిహేను సెకన్లు మోగనిచ్చి, అందరూ 'ఆ' అని షడ్జం పట్టాకే పల్లవి ఎత్తుకోవాలి. ఈ పదిహేను సెకన్లు దాటవేసిన చోటే మొదటి లైను బేసురు అవుతుంది.

ఇక గొంతుల విభజన. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాల చొప్పున 24 మందికి గంటన్నర పైచిలుకు పడుతుంది, రెండు రోజులుగా పెట్టుకోండి. ఒక్కో అమ్మాయిని విడిగా పిలవండి, పక్కన స్నేహితురాళ్లుంటే అసలు గొంతు బయటికి రాదు. 6 శ్రుతిలో స–రి–గ–మ–ప–మ–గ–రి–స 'ఆ'కారంతో పాడించి, హార్మోనియం మీద ఒక్కో మెట్టు పైకి జరుపుతూ పోండి. గడ్డం పైకి లేవడం, మెడ నరాలు తేలడం, భుజాలు ఎగరడం – ఈ మూడింట్లో ఏది కనిపించినా అక్కడ ఆపండి. ఆ ఆగిన స్వరానికి రెండు మెట్ల కింద ఉన్నదే ఆమెకు వేదిక మీద పనికొచ్చే పై హద్దు. అదే పద్ధతిలో కిందికి దించుతూ కింది హద్దు పట్టుకోండి. మాట వినబడుతూ, గరగర లేకుండా రావాలి.

అందరి హద్దులూ ఒక నోటుబుక్కులో రాస్తే గుంపులు వాటంతట అవే కనబడతాయి. పైకి హాయిగా వెళ్లేవాళ్లు కొందరు, కింద నిండుగా పలికేవాళ్లు కొందరు, నడుమ ఎక్కువమంది. మూడు వరుసలు పాడించేంత అనుభవం లేకపోతే నడి గొంతుల వాళ్లను చెరి సగం చేసి రెండు వరుసలకు పంచండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. స్వరం నిలవని వాళ్లను "నువ్వు కింద పాడుకో పో" అని రెండో వరుసలోకి తోస్తారు. కావలసింది దానికి ఎదురు. అసలు వరుసను జనం తలలోనే వింటూ సరిదిద్దుకుంటారు. రెండో వరుసకు ఆ ఆసరా లేదు. చెవి గట్టిగా ఉన్న ముగ్గురు నలుగురిని రెండో వరుసలో పెట్టాకే మిగతా లెక్క చూడండి. మాట్లాడే గొంతు లావుగా ఉందని కింది వరుసకు పంపడం కూడా తప్పే. ఫోనులో బొంగురుగా వినిపించే అమ్మాయి పాటలో తార గాంధారం అవలీలగా పట్టడం అరుదేమీ కాదు. పరీక్షిస్తే గాని తెలియదు.

ప్రశ్న: మేం ఎన్ని పాటలు నేర్చినా అందరం ఒకే వరుస పాడుతున్నాం. రెండో వరుస వేయబోతే "రాగం చెడిపోయింది" అంటున్నారు. ఎట్లా మొదలుపెట్టాలి? – బీఈడీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

జవాబు: మోహన రాగంతో మొదలుపెట్టండి. దానికి కారణం లెక్కలోనే ఉంది. మోహనంలో స, రి, గ, ప, ద – ఈ ఐదింట్లో ఏ రెండూ హార్మోనియం మీద పక్కపక్క మెట్లు కావు. కాబట్టి ఏ స్వరం మీద ఏ స్వరం పడినా గీరుకోదు. రెండో వరుసను రాగంలోని స్వరాల్లోనే 'ఒకటి వదిలి ఒకటి' కట్టుకుంటూ పోవచ్చు: స మీద గ, రి మీద ప, గ మీద ద, ప మీద పై స, ద మీద పై రి. రాగంలో లేని స్వరం ఒక్కటీ రాదు గనక ఎవరూ వేలెత్తి చూపలేరు.

అదే తోడి, మాయామాళవగౌళ లాంటి రాగాల్లో ఈ పని చేస్తే స–రి, ప–ద ఆనుకుని ఉండటంతో కర్ణకఠోరంగా తయారవుతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం, ఇంకో చిక్కు. ఇద్దరు గాంధారాన్ని ఊపితే ఇద్దరి ఊపూ ఒకే వేళకు పడదు. అందుకని అసలు వరుస గమకంతో పాడేటప్పుడు రెండో వరుస నిలువు స్వరాలే పట్టాలి.

మొదటి రెండు వారాలు రెండో వరుస అని పేరు కూడా ఎత్తకండి. సగం మంది షడ్జం పట్టి ఉంటే మిగతా సగం పాట పాడాలి. ఊపిరి అందరికీ ఒకేసారి అయిపోకుండా, పక్కదాని ఊపిరి చూసి తాను తీసుకోవాలి. అది కుదిరాక వెనకబాటు పాట: మొదటి గుంపు పల్లవి ఎత్తుకున్నాక ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆగి రెండో గుంపు అదే పల్లవి ఎత్తుకుంటుంది. మోహనంలో ఇది ఎక్కడ ఎత్తుకున్నా సరిపోతుంది. అది కుదిరిన తర్వాతే పైన చెప్పిన రెండో వరుస. నేర్పేటప్పుడు దాన్ని విడిగా, అదే అసలు పాట అన్నట్టు, మాటలతో సహా కంఠతా పట్టించాలి. రెండు గుంపులనూ మొదటిసారి కలిపినప్పుడు ఒకరికొకరు వీపు పెట్టి నిలబెట్టండి, ఎదురెదురుగా కాదు. పెదవులు చూస్తే జారిపోతారు.

ప్రశ్న: యువజనోత్సవాల పోటీకి 6 మందినే పంపాలంటున్నారు. 24 మందిలో ఎవరిని తీయాలి? – సాంస్కృతిక విభాగం సమన్వయకర్త, వనపర్తి

జవాబు: భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే ఉత్సవాల్లో బృందగానానికి గాయకులు 6 మంది, వాద్యకారులు 3, సమయం 10 నిమిషాలు, సినిమా పాట పనికిరాదు. ఆ ఏటి సర్క్యులర్ ఒకసారి చూసుకోండి. సోలోలు బాగా పాడే ఆరుగురిని తీస్తే ఆరు సోలోలు వస్తాయి, బృందం రాదు. పై గొంతు ఇద్దరు, నడి గొంతు ఇద్దరు, కింది గొంతు ఇద్దరు అన్న లెక్కతో, ఉచ్చారణ దగ్గరగా ఉన్నవాళ్లను తీయండి. 'శ', 'ష', 'స'లు ఆరుగురూ మూడు రకాలుగా పలికితే న్యాయనిర్ణేతకు మొదట తెలిసేది అదే. పాట ఎనిమిదిన్నర నిమిషాలకు కట్టుకోండి, వేదిక మీద ఎప్పుడూ సాగుతుంది.

మిగతా 18 మందినీ ఇంటికి పంపకండి. పోటీ కోసమే బృందం అన్న ఆలోచన పడ్డాక చాలా కాలేజీల్లో బృందగానం ఆరుగురి దగ్గరే ఆగిపోయింది. వార్షికోత్సవానికి 24 మందీ పాడాలి.

ప్రశ్న: మా బృందం చరిత్ర రాసి సావనీర్ వేయాలనుకుంటున్నాం. "40 ఏళ్ల యూనివర్సిటీ బృందం" అని పెట్టాలని కొందరంటున్నారు. రికార్డులు ఏమీ లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి? – పూర్వ విద్యార్థినుల కమిటీ, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ శీర్షిక తీసేయండి. నల్గొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పెట్టింది 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో. అంతకు ముందు ఈ జిల్లాల కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. 1990లో మీ వాళ్లు పోటీకి వెళ్లి ఉంటే, ఉస్మానియా పేరు మీద వెళ్లి ఉంటారు, కాగితాలూ ఆ పేరుతోనే ఉంటాయి. కాలేజీ బృందం వయసు వేరు, యూనివర్సిటీ బృందం వయసు వేరు. రెండూ విడివిడిగా రాస్తే ఎవరూ తప్పు పట్టరు. 2016 అక్టోబరులో జిల్లాలు మారాయి గనక పత్రికల జిల్లా పేజీలు వెతికేటప్పుడు సూర్యాపేట, భువనగిరి వార్తలు అంతకుముందు నల్గొండ పేజీలోనే ఉంటాయని గుర్తుంచుకోండి.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద ఏడాదికి ఒక గీత గీయండి. ప్రతి ఏటికీ ఐదే ఐదు సంగతులు: ఎవరు నేర్పారు, ఎంతమంది పాడారు, ఏ పాటలు, ఏ శ్రుతి, ఎక్కడ పాడారు. ఖాళీగా ఉన్న ఏళ్లను ఖాళీగానే ఉంచండి. ఊహతో నింపిన గడి తర్వాత చరిత్ర అయి కూర్చుంటుంది.

కాగితాలు మీరు అనుకున్న చోట ఉండవు. వార్షికోత్సవం ఆహ్వాన పత్రిక, కాలేజీ మ్యాగజైన్, ఎన్ఎస్ఎస్ క్యాంపు నివేదిక, ఢోలక్ ఆయనకు డబ్బులిచ్చిన వోచరు, హార్మోనియం బాగుచేయించిన బిల్లు. ఈ చివరి రెండింట్లో తేదీ కచ్చితంగా ఉంటుంది. జ్ఞాపకాల్లో ఉండదు. ఫొటో దొరికితే ముందు వెనక్కి తిప్పండి, స్టూడియో ముద్ర, తేదీ, కొన్నిసార్లు పేర్లు అక్కడుంటాయి. పాత విద్యార్థినుల పాటల నోటుబుక్కులు అన్నిటికన్నా విలువైనవి. రేడియోలో "ఈ పాట నేర్చుకుందాం" వింటూ రాసుకున్న లలిత గీతాలు వాటిలో ఉంటాయి. గబగబా రాసినవి గనక స్వరాల్లో తప్పులుంటాయి, సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు ఫొటో తీయండి.

పేర్ల దగ్గర పెద్ద గోతి ఉంది. పెళ్లితో చాలామందికి ఇంటిపేరు మారుతుంది, ముందున్న అక్షరం మారిపోతుంది. 1994 ఫొటోలో కె. అన్న అక్షరంతో ఉన్నామె 1999 పూర్వ విద్యార్థినుల జాబితాలో బి. అయి ఉంటుంది. మీరు ఇద్దరని లెక్కేస్తారు. లేదా ఒకే పేరున్న ఇద్దరిని ఒకరే అనుకుంటారు. అందుకని పేరు పక్కన చేరిన ఏడు, గ్రూపు, దొరికితే హాల్‌టికెట్ నంబరు రాసుకోండి. అచ్చు వేసేటప్పుడు నంబర్లు తీసేసి, చదువుకున్నప్పటి పేరు, ఇప్పటి పేరు రెండూ ఆమె ఒప్పుకుంటేనే వేయండి.

పాత విద్యార్థినులను పిలిచి "మీ అనుభవాలు చెప్పండమ్మా" అంటే అందరూ ఒకటే చెబుతారు: మంచి రోజులు, మంచి మేడం. అది సావనీరుకు పనికిరాదు. "పల్లవి ఎవరు ఎత్తుకునేవాళ్లు? మైకులెన్ని? చీరలు ఎవరు తెచ్చారు? రాత్రి ప్రోగ్రాం అయ్యాక ఇంటికెట్లా పోయేవాళ్లు? ఇంట్లో ఎవరు వద్దన్నారు?" అని అడగండి. ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే మీ బృందం అసలు చరిత్ర ఉంటుంది. రిహార్సల్ చివరి బస్సుకు ముందు ఎందుకు ముగిసేదో, పై ఊరి పోటీకి ఆరుగురికి బదులు నలుగురే ఎందుకు వెళ్లారో అక్కడ తేలుతుంది. ఇద్దరిని కలిపి కూర్చోబెడితే ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తారు. కానీ తేదీ విషయంలో ఇద్దరూ ఒకటే చెప్పినా కాగితం దొరికేదాకా పెన్సిల్‌తోనే రాయండి.

ప్రశ్న: మా దగ్గర 1990ల నాటి క్యాసెట్లు తొమ్మిది ఉన్నాయి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేస్తే గుహలోంచి వచ్చినట్టుంది. – అదే కమిటీ నుంచి ఇంకొకరు

జవాబు: గదిలోని ప్రతిధ్వని, ఫ్యాను చప్పుడు అన్నీ దాంట్లోకి ఎక్కాయి. ఇట్లా చేయండి.

క్యాసెట్‌ను వెలుతురులో పెట్టి కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో వేయొద్దు. అది టేపును చదివే హెడ్‌కు అంటుకుని మిగతా ఎనిమిదింటినీ పాడుచేస్తుంది. వాటిని విడిగా కవర్లో కట్టి, తెలిసిన రిపేరు మనిషికి ఇవ్వండి. బూజు లేకుంటే కింద అంచున చూడండి, టేపు వెనక రాగిరంగు రేకు మీద చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. పాత జిగురు ఎండిపోయి అది ఊడిపోతే పాట మొద్దుగా, ఆగి ఆగి వినిపిస్తుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, పనికిరాని క్యాసెట్ నుంచి ఆ ముక్క తీసి మార్చవచ్చు.

ప్లేయర్ హెడ్‌నూ రబ్బరు చక్రాన్నీ ఇయర్ బడ్‌తో తుడవండి. హెడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రబ్బరుకు తడి గుడ్డ చాలు. క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట వదులవుతుంది. పైన ఎడమ మూలన ఉన్న చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేయండి, పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు.

ప్లేయర్‌లో లైన్ అవుట్ ఉంటే అది, లేకుంటే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరుతో యూఎస్‌బీ సౌండ్ కార్డులోకి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. 44,100 హెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలు. నిమిషానికి సుమారు 10 ఎంబీ, అంటే గంట క్యాసెట్‌కు 600 ఎంబీ. శబ్దం గీత ఎర్రగా మారకుండా పెట్టండి. కోరస్ అందుకున్న చోట గీత ఒక్కసారిగా ఎగురుతుంది, కాబట్టి స్థాయిని సోలో దగ్గర కాదు, అక్కడ చూసి పెట్టుకోవాలి. రొద తీసేసే పనులన్నీ నకలు మీదే. అసలు ఫైలు ముట్టుకోవద్దు. రెండు చోట్ల దాచండి, ఒకటి కాలేజీలో, ఒకటి బయట.

క్యాసెట్ విని "ఆ రోజుల్లో 6 శ్రుతిలో పాడేవాళ్లు" అని రాసేముందు ఆగండి. ప్లేయర్ వేగం 6 శాతం పెరిగితే పాట అరశ్రుతి పైకి పోతుంది, 5½ కాస్తా 6 అవుతుంది. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి, పాత బెల్టుతో నడవదు. పాడేవాళ్ల షడ్జం ఏ రెండు మెట్ల మధ్యనో పడుతుంటే వేగం తప్పిందని అనుమానించండి. ఆ హార్మోనియం ఇంకా కాలేజీ బీరువాలో ఉంటే దాని మీదే పోల్చండి, దాని రీడ్లు ఇవాళ్టి ఫోన్ తంబూరకు కలవాలనేమీ లేదు. గొంతులు మరీ చిన్నపిల్లల్లా, మాటలు గబగబా వినిపిస్తుంటే వేగం ఎక్కువైనట్టే.

ప్రశ్న: బతుకమ్మ పాటను వేదిక మీద బృందగానంగా పాడితే చప్పగా ఉంటున్నది. సంబురాల తర్వాత వారం రోజులు గొంతులు కూడా రావట్లేదు. – ఇంటర్ కాలేజీ మేడం, సూర్యాపేట

జవాబు: బతుకమ్మ పాటకు తాళం చేతిలో లేదు, కాలిలో ఉంది. చుట్టూ తిరుగుతున్నప్పుడు అడుగు పడాలి గనక పాట పరుగెత్తదు. వరుసగా నిలబెట్టి పాడిస్తే అడుగు పోయింది, మూడో చరణానికి వేగం పెరుగుతుంది. ఉన్నచోటే ఒక అడుగు పక్కకు, ఒక అడుగు వెనక్కి వేయించండి. అమ్మలక్కలు పాడేటప్పుడు దగ్గర నిలబడి వినండి: ఎత్తుకున్నామె 'ఉయ్యాలో' అని ముగించకముందే గుంపు అందుకుంటుంది, ఒకరి చివరి అక్షరం మీద ఇంకొకరి మొదటి అక్షరం పడుతుంది. వేదిక మీద మర్యాదగా ఆమె ముగించేదాకా ఆగుతారు, ఆ సందులో పాట చల్లారిపోతుంది. ఎత్తుకునే అమ్మాయిని ముందు మైకు దగ్గర ఒంటరిగా కాక గుంపు మధ్యలో నిలబెట్టండి. చప్పట్లు మైకుకు దగ్గరైతే పాటను మింగేస్తాయి, ముందు వరుసను మైకుకు మూడు అడుగుల దూరంలో ఉంచి, అరచేతులు గుంటగా పెట్టి కొట్టమనండి.

గొంతు పోయేది పాడినందుకు కాదు, డీజే బాక్సుల మీదుగా అరిచినందుకు. తమ గొంతు తమకు వినబడనప్పుడు ఎవరైనా తెలియకుండానే గట్టిగా తీస్తారు. బాక్సుల పక్కన పాడించొద్దు. పాడే ముందు పది నిమిషాలు నోరు మూసి 'మ్‌' అని, పెదవులు బుర్రుమనిపిస్తూ కింది స్వరాల్లో గొంతు వేడెక్కించాలి. నీళ్లు దాహమయ్యాక కాదు, అరగంట ముందు నుంచీ కొద్దికొద్దిగా తాగాలి. గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, స్వరతంత్రులను బిగిస్తుంది. రెండు రోజులు మాటే తగ్గించాలి. మూడు వారాలైనా బొంగురు పోకపోతే మిరియాల పాలు ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.